గీత దాకా నీళ్ళు

ఆ వేసవిలో మా వియ్యపురాలు వరలక్ష్మమ్మగారికి నీళ్ళు కొలిచి ఇచ్చేవారు. మంచం పక్కన స్టూలు మీద ఒక ప్లాస్టిక్ సీసా, దాని నడుముకి కాస్త కింద నల్ల మార్కరుతో గీసిన గీత. పొద్దున్నే గీత దాకా నింపితే మళ్ళీ తెల్లారేవరకు అంతే. మాత్ర మింగడానికీ అందులోంచే, గొంతు తడుపుకోవడానికీ అందులోంచే. టీ తాగితే ఆ మేరకు సీసాలో తగ్గించేవారు. నర్సీపట్నం ఎండలు మీకు తెలియనివా? మిట్టమధ్యాహ్నం రోడ్డు మీద తారు చెప్పులకి అంటుకుంటుంది. కాకులు నోళ్ళు తెరుచుకుని గోడల నీడన కూర్చుంటాయి. అలాంటి ఎండల్లో ఆ మనిషి సీసాకేసి చూసేవారు, గీతకేసి చూసేవారు, కళ్ళు మూసుకునేవారు.

కిడ్నీలు రెండూ పాడైపోయాయి. లోపలికి పోయిన నీరు బయటికి రాదు. ఒంట్లోనే నిలిచిపోయి కాళ్ళలోకీ, ముఖంలోకీ, ఆఖరికి ఊపిరితిత్తుల్లోకీ చేరుతుంది. వారానికి మూడు మార్లు ఆసుపత్రిలో మిషను పక్కన పడుకోబెట్టి ఆ నీరు తీయించాలి. దాన్ని డయాలసిస్ అంటారట. నేను చదివింది రెండో తరగతి, ఆ మాట నోరు తిరగడానికే నాకు చాన్నాళ్ళు పట్టింది. ఆవిడకి మాత్రం మంచినీళ్ళంత సులువుగా వచ్చేది. మంచినీళ్ళే వచ్చేవి కావు పాపం.

నా పేరు దేవుడమ్మ. మాది కోటవురట్ల పక్క పల్లె. జీడిపిక్కలు రాలే రోజుల్లో మా అమ్మాయి రోజారమణి ఫోను చేసింది. "అమ్మా, పెళ్ళిళ్ళ సీజనే ఇది. షాపులో జాకెట్లు గుట్టపడి ఉన్నాయి. ఆయనకేమో కొట్టు వొదిలి రావడానికి లేదు. అత్తమ్మని ఆసుపత్రికి తిప్పడానికి మనిషి లేరు. కొన్నాళ్ళుండి ఎల్దువుగాని, రాయే" అంది. దానిది టైలరింగు షాపు. అల్లుడు తాతాజీగారిది బోర్లకి పైపులూ మోటార్లూ అమ్మే కొట్టు. ఊరూరా నీళ్ళు అడుగంటే రోజుల్లోనే ఆయనకి బేరాలు.

జబ్బు మనిషిని చూడబోతూ ఉత్త చేతులతో ఎలా వెళతాను? చెట్టు ఎక్కించి కొబ్బరిబోండాలు దింపించాను. పచ్చి జీడిపప్పు ఒలిపించి గుడ్డలో మూట కట్టాను. గోనెసంచితో బస్సు దిగి, ఆటో ఎక్కి, చెమటలు కక్కుకుంటూ వాళ్ళ గుమ్మంలో దింపితే, మా అమ్మాయి సంచి విప్పి చూసి నెత్తి కొట్టుకుంది.

"అమ్మా! బోండం నీళ్ళు తాగితే ఆవిడ గుండె ఆగిపోద్ది. జీడిపప్పు కూడా కూడదు. బేగి లోపలెట్టీ, కనబడనీకు."

అప్పటికే కనబడిపోయింది. లోపలి గదిలోంచి నీరసంగా నవ్వు వినిపించింది.

"ఏటి వదినగారూ, వస్తూవస్తూనే నా పని సరిపెట్టీసి ఎల్దారనా?"

మా వరసలో వియ్యపురాళ్ళు ఒకరినొకరు వదినగారూ అనుకుంటాం. మాటా మాటా విసురుకునే హక్కు కూడా ఉంటుంది. అయితే ఆ హక్కు వాళ్ళకి ఎక్కువ, నాకు తక్కువ. వాళ్ళు మగపెళ్ళివారు, నేను పిల్లనిచ్చుకున్నదాన్ని. జుట్టు నెరిసి, పళ్ళు ఊడి, ఇద్దరమూ ముసలమ్మలం అయిపోయినా ఆ తేడా పోదు. పెళ్ళినాడు విడిదికి నేను మజ్జిగ పంపించాను. చల్లగా, కరివేపాకూ అల్లమూ దంచి వేసి, నా చేత్తో చిలికిన మజ్జిగ. ఆవిడ గ్లాసు చూసి, "వియ్యపురాలికి స్టీలు గ్లాసా?" అని ముట్టకుండా తిప్పి పంపేశారు. వెండి గ్లాసు కోసం నేను ఇల్లిల్లూ తిరిగి, దొరికించుకుని తెచ్చేసరికి మూడు ముళ్ళూ పడిపోయాయి. ఆ మజ్జిగ సంగతి ఆవిడ మరవలేదు, నన్ను మరవనివ్వలేదు. ఏ శుభకార్యంలో కనబడినా, "వదినగారూ, వెండి గ్లాసు దొరికిందేటి?" అనేవారు. నాకు ఒళ్ళు మండేది. పైకి నవ్వేదాన్ని.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి, లేకపోతే తరవాత జరిగింది మీకు అర్థం కాదు. నేను మా అల్లుడుగారి ఎదుట పడను. అలా పెరిగాను. మా అమ్మ మా ఆయనతో చచ్చేదాకా తలుపు చాటునుంచే మాట్లాడింది. ఈ కాలం వాళ్ళకి నవ్వుగా ఉంటుంది. మనవరాలు, "అమ్మమ్మా, నాన్నేమైనా కరుస్తారా?" అని అడుగుతుంది. కరవరు, చాలా మంచివారు. కానీ ఆయన హాల్లోకి వస్తే నేను వంటింట్లోకి వెళతాను, ఆయన వంటింట్లోకి వస్తే నేను పెరట్లోకి వెళతాను. చెప్పవలసింది ఉంటే అమ్మాయితో చెబుతాను. అమ్మాయి లేకపోతే తలుపు వెనకనుంచి ఫ్రిజ్జుతో చెబుతాను. "గేసు అయిపోయినట్టున్నాది", "కూర సల్లారిపోతన్నాది" అని కాస్త గట్టిగా అంటాను. ఆయన అవతలినుంచి, ఎవరితోనో అన్నట్టు, "సరే, సెప్తాను గేసు వాడికి" అంటారు. పెళ్ళయినప్పటినుంచీ ఇదే తంతు. ఆయన ముఖం నేను నేరుగా చూసింది పెళ్ళి ఫోటోలోనే.

ఇక ఆసుపత్రి రోజులు. పొద్దున్నే మత్స్యరాజు ఆటో తెచ్చేవాడు. వరలక్ష్మమ్మగారిని నేనొక రెక్కా అతనొక రెక్కా పట్టుకుని ఎక్కించేవాళ్ళం. అతను ఊరుకునే మనిషి కాదు. "మామ్మగారూ, ఇయ్యాల సీరె బాగున్నాది, మిషను మావకోసమేనా?" అనేవాడు. ఆవిడ, "నీ నోరు పడిపోనూ, బండి సూసి నడపరా" అనేవారు. వెళ్ళేటప్పుడు ఆ మాత్రం ఉండేది.

లోపల వరసగా మంచాలు, ప్రతి మంచం పక్కనా ఒక మిషను, గొట్టాల్లో ఎర్రగా రక్తం వెళ్ళడం, రావడం. ఏసీ చలికి ఆవిడ ఒణికేవారు. నేను దుప్పటి కప్పి పాదాలు రాసేదాన్ని. పక్క మంచం మీద రిటైరయిన మాస్టారొకరు ఉండేవారు, నన్ను చూసి నమస్కారం పెట్టేవారు. ఒకనాడు ఆ మంచం మీద ఇంకెవరో ఉన్నారు. మాస్టారేరమ్మా అని నర్సునడిగితే, ఆ పిల్ల మిషను మీట నొక్కుతూ, "రావట్లేదండి" అంది. వరలక్ష్మమ్మగారు నాకేసి చూసి, పైకప్పుకేసి చూస్తూ ఉండిపోయారు.

తిరుగు ప్రయాణంలో మత్స్యరాజు కూడా మాట్లాడేవాడు కాదు. పిండి ఆరేసిన గుడ్డ ఎలా ఉంటుందో, అలా వచ్చేవారు ఆవిడ. ఆ రోజంతా తల ఎత్తేవారు కాదు. మర్నాటి సాయంత్రానికి కాస్త లేచి కూర్చుని నాలుగు ముద్దలు తినేసరికి, ఆ పై పొద్దున మళ్ళీ ఆటో. ఉన్నదంతా ఆ ఒక్క సాయంత్రమే. అది కూడా దురదతో పోయేది. కొబ్బరినూనె రాస్తూ వీపు నిమిరితే కాస్త నిమ్మళించేది.

అలాంటి ఒక మధ్యాహ్నం, కరెంటు పోయి నేను విసనకర్రతో విసురుతున్నాను. చిన్న ఐసు ముక్క బుగ్గన పెట్టుకుని ఆవిడ అన్నారు.

"వదినగారూ, నాకింక ఈ తిరుగుడు వొద్దండి."

"అలాగనకండి, ఏటా మాటలు."

"మాటలు కావు. ఆలోసించే అంటన్నాను. ఒకరోజు సావడం, ఒకరోజు లేవడం, మళ్ళీ సావడం. దానికన్నా ఒక్కసారి... నా ఇంట్లో, నా మంచం మీద, దాహం తీరా నీళ్ళు తాగి పడుకుంటాను."

విసనకర్ర ఆగిపోయింది. ఆవిడే నా చెయ్యి కదిపి మళ్ళీ విసిరించారు.

"మీ అబ్బాయిగారితో సెప్పండి మరి" అన్నాను.

"ఆడితో సెప్పలేను. నేను కాస్త మూలిగితేనే ఆడు పెరట్లోకెల్లి నిలబడతాడు. మా అమ్మాయి అప్పాయమ్మతో సెబితే, 'నీకేం లోటు సేసాం అమ్మా' అని రాగాలు తీస్తాది. మీ అమ్మాయితో సెబితే పాపం ఆ పిల్ల నోరెత్తగలదా? మీరు సెప్పండి."

"నేనా!"

"మీరే. మిమ్మల్ని ఇన్నాళ్ళూ సాధించాను కదా, ఆ కసి తీర్చుకోండి" అని నవ్వబోయి దగ్గారు.

ఎవరు చెప్పినా చెప్పొచ్చు కానీ నేను చెప్పకూడని మాట అది. కోడలి తల్లి వచ్చి అత్తగారికి వైద్యం ఆపించమంటే లోకం ఏమంటుంది? కూతురికి చాకిరీ తప్పించుకోవడానికే వచ్చింది అంటుంది. నిజానికి నా కూతురు ఆ చాకిరీతో చిక్కి సగమైంది, అది నా కళ్ళకి కనబడుతూనే ఉంది. అందుకే నా మనసు మీద నాకే నమ్మకం లేకపోయింది. ఆవిడ కోసం అనుకుంటున్నానా, నా పిల్ల కోసం అనుకుంటున్నానా? అడిగి తేల్చుకోవడానికి మా ఆయన లేరు. ఊరు కాని ఊళ్ళో, కూతురింట్లో, అంతమంది మధ్య నాకు చెప్పుకునే దిక్కు ఆ జబ్బుమనిషి తప్ప ఇంకెవరూ లేరు. ఆవిడకి నేను తప్ప లేరు.

షాపులో జాకెట్టుకి హుక్కులు కుడుతూ అమ్మాయి చెవిన వేశాను. అది సూది పక్కన పెట్టేసింది.

"అమ్మా, నీకు దణ్ణమెడతాను. ఆ మాట ఆ ఇంట్లో ఎత్తకు. నువ్వు ఎల్లిపోతావు. నేను ఆ ఇంట్లో బతకాలి."

"ఆవిడే అంటే..."

"ఆవిడే అన్నాదని ఎవరు నమ్ముతారే? అప్పాయమ్మ ఒదిన నమ్ముతాదా? ఈయన నమ్ముతారా? నేనే ఆవిడ చేత అనిపించానంటారు." దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆవిడ బాధ నాకు తెలీదా? రోజూ ఆ సీసాలో నీళ్ళు పోసీది నేను. గీత దాటకుండా పోసినప్పుడల్లా నన్నెవరో సూస్తన్నట్టుంటాది."

ఆ తరవాత ఆ మాట నేను దానితో ఎత్తలేదు.

ఇంతలో వరలక్ష్మమ్మగారి చేతికి ఇబ్బంది వచ్చింది. మిషను సూదులు గుచ్చడానికి మోచేతి దగ్గర ఆపరేషన్ చేసి పెట్టిన నరం మూసుకుపోయింది. విశాఖపట్నం తీసుకెళ్ళి మెడ దగ్గర కొత్త గొట్టం వెయ్యాలన్నారు. గుండె కూడా బలహీనంగా ఉంది, కొన్నాళ్ళు అక్కడే ఐసీయూలో ఉంచవలసి రావచ్చన్నారు. ఆ కబురు తెలిసి మాకవరపాలెంనుంచి ఆడపడుచు అప్పాయమ్మ వచ్చేసింది. తల్లి మీద ప్రాణం పెట్టుకున్న మనిషి. వస్తూనే తల్లి కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని, "అమ్మా, ఏటీ అవ్వదు. పెద్ద డాట్రులున్నారు. నిన్ను నడిపించి తీసుకొస్తాం" అని ఏడ్చింది. వరలక్ష్మమ్మగారు కూతురి తల నిమురుతూ, ఆమె మీదుగా నాకేసి చూశారు. నేను తల దించుకున్నాను.

బయలుదేరే రోజు రానే వచ్చింది. వాకిట్లో కారు ఆగి ఉంది. అప్పాయమ్మ బట్టలు, దుప్పట్లు, ఫ్లాస్కూ సర్దుతోంది. మా అమ్మాయి అత్తగారికి తల దువ్వి, నీరెండ రంగు చీర కట్టి, మంచం అంచున కూర్చోబెట్టింది. తాతాజీగారు ఫోనులో ఎవరితోనో, "ఆ, దిగ్గానే అడ్మిట్ సేసీస్తారటండి" అంటున్నారు. అంతా హడావిడే. ఆవిడ ఒక్కరే కదలకుండా కూర్చున్నారు, బస్సెక్కించడానికి తెచ్చిన సామానులాగా. నేను ఎప్పటిలాగే వంటింటి తలుపు వెనక ఉన్నాను. తలుపు సందులోంచి ఆవిడ ముఖం కనబడుతోంది. ఆవిడ నన్ను చూస్తున్నారు. రమ్మని కాదు, చెప్పమని కాదు. వెళ్ళొస్తానన్నట్టు చూస్తున్నారు.

నేను ఫ్రిజ్జుకేసి చూశాను. "ఆవిడకి ఇష్టమో లేదో" అని దానితో అందామనుకున్నాను. మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఇది గేసు సంగతీ కాదు, కూర సంగతీ కాదు.

కొంగు భుజం చుట్టూ తిప్పుకుని గడప దాటాను. హాలు మధ్యకి వచ్చి ఆయన ఎదుట నిలబడ్డాను.

"బాబూ" అన్నాను.

ఫోను చెవి దగ్గర పెట్టుకునే ఆయన తిరిగి చూశారు. ఫోటోలో ఉన్న మనిషి కాదు. మీసంలో తెలుపు, కళ్ళ కింద నలుపు. నాలాగే నిద్రలేని మనిషి. మా అమ్మాయి దువ్వెన పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"మీ అమ్మగార్ని ఒక్కసారి అడగండి" అన్నాను. "ఎల్తారో, ఎల్లరో."

ఫోనులో అవతలి మనిషి అలో అలో అంటున్నాడు. ముందు తేరుకున్నది అప్పాయమ్మే.

"అడగడమేటండి అత్తయ్యగారూ? జబ్బుమనిషిని అడిగి తీసుకెల్తారేటి ఎవరైనా?" తరవాత గొంతు మారింది. "అవున్లెండి. మీ అమ్మాయికి సేతకాకపోతే సెప్పండి, మా అమ్మని నేను సూసుకుంటాను."

"ఆ మాట వస్తాదనే ఇన్నాళ్ళూ తలుపు ఎనకాల ఉన్నానమ్మా" అన్నాను. "ఆపమని నేను సెప్పట్లేదు. తీసుకెల్లమనీ సెప్పట్లేదు. డాట్రులనడిగారు, సుట్టాలనడిగారు, సానుభూతికొచ్చినోళ్ళనందర్నీ అడిగారు. ఆవిణ్ణి అడగండి. అంతే."

వెనక్కి వెళ్ళి తలుపు చాటున నిలబడదామంటే తలుపు ఎక్కడో దూరంగా ఉన్నట్టుంది. అక్కడే నిలబడ్డాను.

తాతాజీగారు ఫోను జేబులో పెట్టుకున్నారు. తల్లి ముందు నేల మీద కూర్చున్నారు.

"అమ్మా, ఎల్దామా?" అన్నారు.

ఆవిడ సీసాకేసి చూశారు. ఆయన మళ్ళీ అడిగారు, ఈసారి నెమ్మదిగా.

"నీకేటి కావాలమ్మా?"

చిన్నపిల్ల అడిగినట్టు అడిగారు ఆవిడ. "దాహంగా ఉన్నాది నాన్నా. ఇక్కడే ఉంటాను."

ఆయన స్టూలు మీది సీసా అందుకుని, మూత తీసి, తల్లి నోటి దగ్గర పెట్టారు. ఆవిడ తాగుతుంటే గీతకేసి చూడలేదు. సీసా పక్కన పెట్టి, లేచి, బయటికి వెళ్ళి కారువాడితో ఏదో అన్నారు. కారు వెనక్కి తిప్పుకుని వెళ్ళిపోయింది. సర్దిన సంచులు వాకిట్లో ఉండిపోయాయి. అప్పాయమ్మ వాటి మీద కూలబడి ఏడ్చింది. ఓదార్చడానికి వెళ్ళాను కానీ, నన్ను చూసి ముఖం తిప్పేసుకుంది.

సాయంత్రం ఆసుపత్రినుంచి డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు. వరలక్ష్మమ్మగారి చెయ్యి పట్టుకుని, అన్నీ ఆవిడకే చెప్పింది, మాకు కాదు.

"మామ్మగారూ, డయాలసిస్ ఆపితే ఎక్కువ రోజులుండవు. మీకు తెలుసా?"

"తెలుసమ్మా. మాస్టారు సెప్పారు."

"ఏ మాస్టారండి?"

"పక్క మంచం మాస్టారు. రావడం మానీసి సెప్పారు."

డాక్టరమ్మ తల దించుకుని మందులు రాసింది. ఆయాసానికి, దురదకి, నొప్పికి. ఏది వచ్చినా ఫోను చెయ్యమంది, తానే వస్తానంది. మా అమ్మాయి సీసా చూపించి, "నీళ్ళు ఎంతియ్యమంటారండి?" అని అడిగింది.

"అడిగినప్పుడల్లా ఇవ్వండి. కొంచెం కొంచెంగా, గుక్క గుక్కగా. ఒక్కసారే ఎక్కువైతే ఆయాసం వస్తుంది. తినాలనిపించింది తిననివ్వండి."

"గీత?"

"గీత అక్కర్లేదమ్మా."

ఆ రాత్రి వంట మానేసి మా అమ్మాయి ఆ సీసాని కిరోసిన్ గుడ్డతో తోమింది. గీత పోలేదు, మసకబారి ఉండిపోయింది.

తరవాతి రోజుల సంగతి ఏం చెప్పను. తాతాజీగారు కొట్టు గుమాస్తాకి వదిలేసి తల్లి మంచం పక్కనే కూర్చున్నారు. నేను మళ్ళీ తలుపు వెనక్కి వెళ్ళిపోయాను కానీ మాటలు వినబడేవి. ఆవిడ ఆయన్ని తిట్టేవారు. బనీనుకి చిరుగుందని, మీసానికి రంగు వేసుకోవడం లేదని, చిన్నప్పుడు ఏటికొప్పాకనుంచి తెచ్చిన లక్క బొమ్మ ఎద్దుని నమిలి కొమ్ము విరగ్గొట్టాడని. ఆయన నవ్వడం నేను మొదటిసారి విన్నది అప్పుడే. ఈ ఇంట్లో ఇన్నాళ్ళూ వాళ్ళిద్దరూ మాత్రల గురించి తప్ప మాట్లాడుకోలేదని కూడా నాకు అప్పుడే తెలిసింది. మనవరాలు హాస్టలునుంచి వచ్చి నాయనమ్మ గోళ్ళకి రంగు వేసింది. అప్పాయమ్మ తల్లికి మామిడిపండు రసం చెంచాతో పట్టేది. నేను గదిలోకి వెళితే ఆమె లేచి బయటికి వెళ్ళేది.

రోజురోజుకీ ఆవిడ నిద్ర ఎక్కువైంది. ఒక మధ్యాహ్నం ఇల్లంతా సద్దుమణిగినప్పుడు నన్ను పిలిపించారు. మాట నూతిలోంచి వచ్చినట్టుంది.

"వదినగారూ, ఆనాడు తిప్పి పంపించిన మజ్జిగ... ఇప్పుడు తెస్తారేటి?"

పెరుగు చిలికాను. అల్లం దంచాను, కరివేపాకు నలిపాను. మిక్సీ వెయ్యలేదు, చేత్తోనే చేశాను. తీసుకుపోతుంటే మా అమ్మాయి ఎదురొచ్చి, బీరువాలోంచి వెండి గ్లాసు తీసి ఇచ్చింది. దానిలో పోసుకుని వెళ్ళాను. ఆవిడ గ్లాసు చూసి తల అడ్డంగా తిప్పారు.

"స్టీలు గ్లాసు. ఆనాటిదే కావాలి."

ఆనాటి గ్లాసు ఎక్కడుంటుందండీ! వంటింట్లో ఉన్న స్టీలు గ్లాసులో పోసి తెచ్చాను. తల ఎత్తి పట్టుకున్నాను. రెండు గుక్కలు మింగారు. మూడోది పెదాల దగ్గరే ఆగి చుబుకం మీదికి జారింది. కొంగుతో తుడిచాను.

"బాగున్నాది" అన్నారు. "ఉప్పు తక్కువైంది."

"ఆ రోజు కూడా తక్కువే వదినగారూ. ముట్టుకుంటే కదా మీకు తెలిసీది" అన్నాను. జన్మలో నేను ఆవిడకి ఎదురు విసిరిన ఒకే ఒక్క మాట. ఆవిడ కళ్ళు మూసుకునే నవ్వారు. ఆ తరవాత నాతో మాట్లాడలేదు. మర్నాడు పొద్దెక్కాక, కొడుకు చేతిలో చెయ్యి ఉండగా, ఊపిరి తీసుకోవడం మరిచిపోయినట్టు వెళ్ళిపోయారు. స్టూలు మీద సీసా నిండుగా ఉంది.

దినవారాలన్నాళ్ళూ ఇంటినిండా జనం. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళ దగ్గరా అప్పాయమ్మ ఏదో చెప్పేది. నేను వెళితే మాటలు ఆగిపోయేవి. "వియ్యపురాలేనట ఆపించింది" అన్న ముక్క మాత్రం ఒకటి రెండుసార్లు నా చెవిన పడింది. ఆమెని నేను తప్పు పట్టను. ఆమెకి తల్లి పోయింది, ఎవరినో ఒకరిని అనాలి. వదినగారు ఉంటే ఆ మాటకి భలే జవాబు చెప్పేవారు అనిపించేది. అనిపించినప్పుడల్లా ఆ మంచంకేసి చూసేదాన్ని. చాప చుట్టి పెట్టేశారు దాని మీద.

పెద్దకర్మ అయిన మర్నాడు మా అమ్మాయి నా పక్కన కూర్చుని, నా మెటికలు విరుస్తూ, నేలకేసి చూస్తూ అంది.

"అమ్మా, ఒదిన ఇంకా కొన్నాళ్ళు ఉంటాదట. నువ్వు... తమ్ముడికాడికి ఎల్తావేటి? తోటలో పని ఎక్కువగా ఉంటాది కదా."

"ఎల్తానే, నేనూ అదే అనుకుంటన్నాను" అన్నాను. అనుకోలేదు. సంచి సర్దుకున్నాను.

వంటింట్లో అమ్మాయి దారికి పులిహోర కడుతోంది. నేను తలుపు వెనక నిలబడి ఉన్నాను. అవతల తాతాజీగారి అడుగులు వినబడ్డాయి. గడప దగ్గర ఆగాయి. నేను అలవాటుగా పెరటి వైపు తిరిగాను.

"అత్తయ్యగారూ."

ఆగాను. ఆయన గడప దాటి లోపలికి రాలేదు. తల కొద్దిగా పక్కకి తిప్పుకుని, కానీ నాతోనే అన్నారు.

"ఎల్తారా, ఉంటారా? మీకెలాగుంటే బాగుంటాదో సెప్పండి."

అమ్మాయి చేతిలో పొట్లం ఆగిపోయింది.

నాకు పెళ్ళి చేసినప్పుడు నన్ను ఎవరూ అడగలేదు. మా ఆయన పోయాక నా మంచం నడిమింట్లోంచి వెనక గదిలోకి మార్చినప్పుడు అడగలేదు. కంటి శుక్లాల ఆపరేషన్ ముందు కుడిదానికా ఎడమదానికా అన్నది కూడా మా అబ్బాయి చినబాబే డాక్టరుతో చెప్పాడు. అడిగితే ఏం చెప్పాలో నేర్చుకోనే లేదు నేను. ఆయన నిలబడి ఉన్నారు. జవాబు కోసం నిజంగానే చూస్తున్నారు. నా నోరు తెరుచుకుంది, దానికి అలవాటైన మాటే వచ్చింది.

"ఎల్తాను బాబూ."

ఆయన తల ఊపి, సంచి తానే తీసుకుని, మత్స్యరాజు ఆటోలో పెట్టి, బస్సు దాకా వచ్చారు. కిటికీలోంచి నీళ్ళ సీసా అందించారు. అదే సీసా. మసకగా గీత.

ఊళ్ళో బస్సు దిగేసరికి మధ్యాహ్నం. చినబాబూ కోడలూ తోటలోనే ఉన్నారు, జీడిపిక్కల ఆఖరి ఏరుడు. ఇంటికి తాళం. తాళంచెవి చూరులో ఉంటే తీసుకుని లోపలికి వెళ్ళాను. అంతా వేడి, అంతా నిశ్శబ్దం. కుండలో నీళ్ళు లేవు. సీసాలో ఉన్నవే తాగాను, గీత కిందికి దిగేదాకా. వంటింటి తలుపు వెనకకి వెళ్ళి నిలబడ్డాను, ఎందుకో నాకే తెలియదు.

"ఇంకొన్నాళ్ళు ఉందును బాబూ" అన్నాను, కాస్త గట్టిగానే.

అవతల ఎవరూ లేరు.